ఎదురింటి నీలం గిన్నె

ఇరవై ఏళ్ళుగా నాకొక అనుమానం ఉంది. రోజూ పొద్దున్నే పూజలో కూర్చుని దేవుడికి నేను చెప్పే చిరునామా తప్పేమోనని.

సంకల్పం చెప్పుకునే అలవాటున్నవాళ్ళకు ఇది తెలిసిందే. ఏ ద్వీపంలో, ఏ ఖండంలో, ఏ కొండకు ఏ దిక్కున, ఏ రెండు నదుల నడుమ కూర్చుని ఈ పూజ చేస్తున్నామో ముందు చెప్పాలి. ఆ తరువాత గోత్రం, పేరు. అప్పుడు కోరిక. దుగ్గిరాలలో మా నాన్నగారు నాకు నేర్పిన సంకల్పంలో శ్రీశైలానికి ఈశాన్యాన, కృష్ణకూ కావేరికీ మధ్య దేశంలో అని ఉంటుంది. కెనడా వచ్చాక కూడా నేను అదే చెబుతూ వచ్చాను. ఆంటారియోలో కేంబ్రిడ్జ్ అనే ఊళ్ళో, బయట మైనస్ ఇరవై ఉండగా, హీటరు పక్కన పంచె కట్టుకుని కూర్చుని, స్వామీ, నేను కృష్ణకూ కావేరికీ మధ్యన ఉన్నాను, కాస్త కనిపెట్టి ఉండు అని వేడుకుంటున్నాను.

గుడిలో పంతులుగారిని అడిగితే క్రౌంచద్వీపే అనాలన్నారు. ఆయన సెలవు మీద వెళ్ళినప్పుడు వచ్చిన ఇంకో పంతులుగారు అది కాదు, వేరే ద్వీపం అన్నారు. మూడో ఆయన్ను అడిగాను. "విశ్వనాథంగారూ, మీరెక్కడున్నారో భగవంతుడికి తెలీదంటారా? పాతదే కానివ్వండి" అన్నారు. తెలిసినప్పుడు చెప్పడం ఎందుకన్నది నా రెండో అనుమానం. అది అడగలేదు. నా వెనక వాహనపూజకు నాలుగు కార్లు ఆగి ఉన్నాయి.

ఆ చిరునామాలో ఒక్క ముక్క మాత్రం నేను మార్చాను. చివర్లో, సొంత ఇంట్లో ఉన్నవాళ్ళు స్వగృహే అంటారు, అద్దెకున్నవాళ్ళు శోభనగృహే అంటారు. 2006లో ఈ ఇల్లు కొన్న మర్నాటి నుంచి నేను స్వగృహే అంటున్నాను. మిగతాదంతా తప్పయినా ఆ ఒక్క మాట సరైనదని నా ధీమా. బ్యాంకు కాగితాలున్నాయి.

నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాను. ఐటీఐ చేసి, ఇక్కడ కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో మధ్యాహ్నం షిఫ్టు చేస్తున్నాను. మా అమ్మాయి పెళ్ళయి కాల్గరీ వెళ్ళాక ఇంట్లో నేను, నా భార్య దమయంతి మిగిలాం. కింద బేస్‌మెంట్‌లో ముగ్గురు ఆడపిల్లలు అద్దెకుండేవారు. 2023 నాటికి మా వీధిలో బేస్‌మెంట్ ఖాళీగా ఉన్న ఇల్లు లేదు. పొద్దున ఏడింటికి బస్టాపు దగ్గర నిలబడితే కరీంనగర్ బస్‌స్టాండులో ఉన్నట్టుండేది. ఇంట్లో కోడిగుడ్డు కూడా రాకూడదని దమయంతి నియమం. శుక్రవారాలు కింది నుంచి మసాలా వాసన వస్తే పిల్లలు బంగాళాదుంప కూర చాలా శ్రద్ధగా చేసుకుంటున్నారని మేమిద్దరం అనుకునేవాళ్ళం.

ఆ ముగ్గురిలో సాత్వికది జగిత్యాల దగ్గర పల్లె. చిన్నపిల్లలకు చదువు చెప్పే కోర్సు చేస్తూ, సాయంత్రాలు కాఫీ షాపులో పనిచేసేది. కోర్సులో భాగంగా ఆ సెప్టెంబరులో ఒక డేకేర్‌లో ప్లేస్‌మెంట్ ఇచ్చారు. అంటే జీతం లేకుండా పనిచేసి, సూపర్‌వైజర్ చేత బాగా చేసిందనిపించుకోవాలి. నెలాఖరున పిల్లలందరూ నారింజ రంగు చొక్కాలు వేసుకునే రోజొకటి వస్తుంది. ఈ దేశపు ఆదివాసుల పిల్లల్ని ఒకప్పుడు ఇళ్ళ నుంచి తీసుకెళ్ళి దూరాన బళ్ళలో పెట్టారు. దాన్ని గుర్తుచేసుకునే రోజు. ఆ సందర్భంగా నాలుగేళ్ళ పిల్లలకు ఆదివాసుల సంస్కృతి, గుర్తులు, చరిత్ర తెలిసేలా ఏదైనా చేయించమన్నారు సాత్వికను.

ఆ పిల్ల ఇంటర్నెట్‌లో చూసి రంగు కాగితాలతో ఈకల కిరీటాలు చేయించింది. టిష్యూ పేపరు అట్టగొట్టాలు ఒకదాని మీద ఒకటి అంటించి బొమ్మల స్తంభం నిలబెట్టింది. నలభై ఈకలు కావాలంటే అందులో సగం నేనే కత్తిరించాను. దమయంతి ఒక కిరీటం నా తలకు పెట్టి చూసి, "మీకే నప్పింది, శనివారం గుడికి పెట్టుకెళ్ళండి" అంది.

రెండు రోజుల తరువాత సాత్విక పైకొచ్చి వంటింటి మెట్ల మీద కూర్చుంది. చేతిలో కాగితం ఉంది.

"ఫెయిల్ అయ్యేటట్టున్న అంకుల్" అంది.

"పిల్లలకు నచ్చలేదా?"

"మస్తు నచ్చింది. ఊ ఊ అనుకుంట క్లాసంత ఉరికిన్రు. అదే మా సూపర్‌వైజర్‌కు నచ్చలె."

కాగితం తీసుకుని చదివాను. నాకు అర్థమైనంత వరకు దాని సారాంశం ఇది. ఈ ఈకల కిరీటాలు ఇక్కడికి ఎంతో దూరాన పడమటి మైదానాల్లో ఉండే వేరే జనాలవి. ఆ బొమ్మల స్తంభం పసిఫిక్ సముద్రపు ఒడ్డు వాళ్ళది. మనమున్న ఈ నేల ఎవరిది? ఆ జనం గురించి పిల్లలకు ఏం చెప్పావు? వీలైతే వాళ్ళలో ఒకరి సాయంతో, 29వ తేదీ శుక్రవారం మళ్ళీ చెయ్యి.

"అంటే తప్పు చిరునామా చెప్పావన్నమాట" అన్నాను. ఆ విషయంలో నా అనుభవం ఆ పిల్లకు తెలీదు.

"ఇది కూడా పోతే ఏమవుతుందే?" అంది దమయంతి.

"ప్లేస్‌మెంట్ పోతది ఆంటీ. ప్లేస్‌మెంట్ పోతే సెమిస్టర్ మళ్ళ చదవాలె. అప్పటిదాకా నా స్టడీ పర్మిట్ ఉండది. ఎక్స్‌టెన్షన్ అప్లై చేస్తే ఇస్తరో, ఇంటికి పొమ్మంటరో."

"ముందు ఇంత అన్నం తిను."

"తినబుద్ధైతలేదు ఆంటీ."

ఆ ఈకల్లో సగం నావి కనుక నాకూ అన్నం సహించలేదు. "వాళ్ళలో ఒకరిని ఇప్పుడెక్కణ్ణించి తెస్తాం? ఇరవై ఏళ్ళలో నేను ఒక్కరిని కూడా చూడలేదు" అన్నాను.

సాత్విక నా వైపు వింతగా చూసింది. "ఎదురింటి వెర్నా ఆంటీ ఉన్నది కద అంకుల్."

"ఆవిడ పోర్చుగీసు కదా."

"ఎవరు చెప్పిన్రు?"

ఎవరూ చెప్పలేదు. ఈ కేంబ్రిడ్జ్‌లో పోర్చుగీసువాళ్ళు ఎక్కువ. ఎదురింటావిడ రంగు, నల్లటి జడ చూసి, మేమీ వీధికి వచ్చిన మొదటివారంలోనే నేను ఆవిణ్ణి పోర్చుగీసుగా ఖాయం చేశాను. ఫుట్‌బాల్ కప్పులో పోర్చుగల్ గెలిచినప్పుడల్లా రోడ్డు దాటి వెళ్ళి ఆవిడ చెయ్యి కలిపి అభినందనలు చెప్పేవాణ్ణి. ఆవిడ థాంక్యూ అనేది.

"మోహాక్ వాళ్ళు అంకుల్. ఈ గ్రాండ్ రివర్ ఎంబటి కిందికి పోతే సిక్స్ నేషన్స్ రిజర్వ్ అని ఆదివాసుల ఆరు తెగలకిచ్చిన జాగ ఉన్నది, ఆడ పుట్టింది. రోజూ మా షాపుకొచ్చి కాఫీ తాగుతది. అడిగితే చెప్పింది."

"అడిగావా?"

"ఫస్టు ఆమెనే నన్ను అడిగింది, మీదే ఊరని. జగిత్యాల అని రెండుసార్లు అనిపిచ్చుకొని నేర్చుకున్నది."

"రేపు వెళ్ళి అడుగుదాం" అన్నాను.

దమయంతి స్టవ్ కట్టేసింది. "వెళ్తే వెళ్ళండి. గిన్నె ఊసు మాత్రం ఎత్తకండి."

ఆ గిన్నె కథ సాత్వికకు తెలియదు కనుక చెప్పాల్సి వచ్చింది.

పదిహేడేళ్ళ కిందట ఈ ఇంట్లో గృహప్రవేశానికి పొద్దున ఏడూ నలభై రెండుకి ముహూర్తం పెట్టారు. దేవుడి పటం, గుమ్మడికాయ, పాలు మా కారులో ఉన్నాయి. గిన్నెలన్నీ సామాను లారీలో ఉన్నాయి. లారీ హైవే మీద ట్రాఫిక్‌లో ఉంది. ఏడున్నరకు దమయంతి నన్ను ఎదురింటికి తరిమింది. వెర్నా గారు కాఫీ కప్పుతో తలుపు తీసింది. పాలు కాచుకోవడానికి ఒక గిన్నె కావాలన్నాను. తన పొయ్యి మీద ఉన్న గిన్నెను తెచ్చి ఇచ్చింది. నీలం రంగు ఎనామెల్‌ది, తెల్ల చుక్కలు, ఒక పక్క పిడి. ఏం చేస్తారని చూడ్డానికి వెనకే వచ్చింది కూడా. పాలు పొంగి పొయ్యంతా పారుతుంటే మేము చేతులు జోడించి నిలబడ్డాం. "కావాలనే?" అని అడిగింది. అవునన్నాను. తలూపి వెళ్ళిపోయింది.

మర్నాడు గిన్నె తోమి ఇచ్చేద్దామనుకున్నాం. అడుగున మాడు పోలేదు. ఈలోపు ఫోనులో మా అత్తగారు, గృహప్రవేశం రోజు పాలు పొంగిన గిన్నె గడప దాటితే ఇంట్లో లక్ష్మి దాని వెంటే పోతుందన్నారు. దాంతో దమయంతి దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, నిండా బియ్యం పోసి దేవుడి అలమరలో పెట్టింది. ఎదురింటావిడకు ఇంకా మంచి గిన్నె కొనిద్దామనుకున్నాం. పదిహేడేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాం. వెర్నా గారు ఏనాడూ అడగలేదు. ఆవిడ బయటికొచ్చి చెయ్యి ఊపితే నేను ఊపేవాణ్ణి. దమయంతికి సరిగ్గా అప్పుడే ఇంట్లో ఏదో పని గుర్తుకొచ్చేది.

అంతా విని సాత్విక, "అంటే గిన్నె ఆమెది, లక్ష్మి మీది" అంది.

"నోరు మూసుకుని అన్నం తిను" అంది దమయంతి. ఈసారి ఆ పిల్ల తింది.

మర్నాడు ఉదయం ఇద్దరం ఎదురింటికి వెళ్ళాం. వెర్నా గారికి డెబ్బై ఆరేళ్ళు. జడ ఇప్పుడు తెల్లబడింది. వాకిట్లో చెక్కతో చేసిన పెద్ద తాబేలు ఉంటుంది. ఇన్నేళ్ళూ రోడ్డు ఇవతల నుంచి దానికి మనసులో దండం పెట్టుకుంటూ ఉండేవాణ్ణి.

ఆవిడ ఇంగ్లిషులో అన్న మాటలు నాకు అర్థమైనట్టు తెలుగులో రాస్తున్నాను.

"మీరు పోర్చుగీసు కాదటగా" అన్నాను. మొదలుపెట్టడమే అలా మొదలుపెట్టాను.

"కాదు."

"ఇన్నేళ్ళూ మరి చెప్పలేదేం?"

"గెలిచినప్పుడల్లా అంత సంతోషంగా వచ్చేవాడివి. పాడుచెయ్యడం ఎందుకని."

మాట మార్చడానికి తాబేలును చూపించి, అది మా విష్ణుమూర్తి అవతారమని, వీపు మీద కొండను మోశాడని చెప్పాను.

"మాదాని వీపు మీద మొత్తం నేలంతా ఉంది" అంది. "మీ కొండ కూడా అందులోనే ఎక్కడో ఉండి ఉంటుంది. ఎవరొచ్చినా ఈ తాబేలు తమదేనంటారు. తీసుకెళ్ళలేదంటే బరువు కనుక."

సాత్విక సంచిలోంచి కాగితం కిరీటం తీసి, జరిగింది చెప్పింది. సెమిస్టర్ సంగతి, పర్మిట్ సంగతి దాచలేదు. వెర్నా గారు కిరీటం తన తలకు పెట్టుకుని హాల్లో అద్దం ముందు నిలబడింది. "నాకిది కొత్త" అంది. కత్తిరించినవాడు పక్కనే ఉన్నాడని సాత్విక చెప్పలేదు. మంచి పిల్ల.

"సెప్టెంబరు వస్తే నాకు గిరాకీ ఎక్కువ" అంది వెర్నా గారు. "ఆఫీసులవాళ్ళు పిలుస్తారు, లైబ్రరీవాళ్ళు పిలుస్తారు. ఫొటో తీసుకుంటారు. అక్టోబరు నుంచి నేను మళ్ళీ పోర్చుగీసునే." అలా అంటూనే లోపలికెళ్ళి ఎండిన మొక్కజొన్న కంకుల జడ ఒకటి, ఎండు పొరల కట్ట ఒకటి తెచ్చింది. కంకుల మీది పొరలతో తమవాళ్ళు బొమ్మలు చేస్తారని, ఆ బొమ్మకు ముఖం ఉండదని చెప్పి, సాత్విక చేతికి ఒక కంకి ఇచ్చింది.

మేము మాట్లాడుకుంటుండగానే సాత్విక పొరలన్నీ చిరగకుండా వెనక్కి తీసి, పీచు ఒక పక్కన, పొరలు ఒక పక్కన పెట్టేసింది. అంత చకచకా ఆ పిల్ల ఏ పనీ చెయ్యడం నేను చూడలేదు.

"ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాను.

"మా ఇంట్ల నాలుగెకరాల మక్క ఉంటది" అంది సాత్విక. తరువాత ఇంగ్లిషులో మళ్ళీ చెప్పింది.

"అయితే చేయించడం నువ్వు చేయించు. కథ చెప్పడం నాది." వెర్నా గారు ఎండిన పొరను వంచింది. అది పుటుక్కున విరిగింది. "వీటిని వేణ్ణీళ్ళలో నానబెట్టాలి. దానికి నాకు మా అమ్మ గిన్నె కావాలి. నీలంది. అది మీ దగ్గరుంది."

ఆవిడ గొంతులో కోపం లేదు. చలికాలం వస్తోందన్నట్టు చెప్పింది.

ఇంటికొచ్చి ఆ మాట దమయంతికి చెప్పాను. వెంటనే బయల్దేరి వెళ్ళి, అడుగు మందంగా ఉన్న పెద్ద స్టీలు గిన్నె, గాజు మూతతో సహా, కొనుక్కొచ్చింది. నీలం గిన్నెకు మూడింతలుంది. ఇచ్చి రమ్మంది. వెర్నా గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మంచి గిన్నె" అంది. "నాది కాదు. రసీదు పారేసుకోకు."

గురువారం వచ్చింది. మర్నాడే క్లాసు. "ఏ గిన్నెలోనైనా నానబెట్టచ్చు కదా. నీళ్ళకు తెలుస్తుందా?" అంది దమయంతి.

"తెలీదు."

"అందులో పాలు పొంగాకే ఇది మన ఇల్లయింది. ప్లాంటులో ఎంతమందిని తీసేసినా మీ ఉద్యోగం పోలేదు. పిల్ల పెళ్ళి జరిగింది. కోవిడ్‌లో ముగ్గురం బతికి బయటపడ్డాం. దాన్ని గడప దాటించమంటారా?"

"అది ఆవిడ గడప దాటే మన ఇంటికొచ్చింది."

"ఆవిడకేం తక్కువైంది?"

ఆ సంగతి మా ఇద్దరికీ తెలియదు. పదిహేడేళ్ళలో ఎప్పుడూ కనుక్కోలేదు. కింది నుంచి సాత్విక రేపటి పాఠం గొంతెత్తి ఇంగ్లిషులో వల్లె వేసుకోవడం వినిపిస్తూ ఉంది. ఒకే వాక్యం దగ్గర మళ్ళీ మళ్ళీ తడబడుతోంది.

శుక్రవారం ఉదయం పూజలో కూర్చున్నాను. ద్వీపం, ఖండం, కొండ, నదులు ఎప్పటిలాగే గడిచిపోయాయి. స్వగృహే దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా అలమరలో నీలం గిన్నె కనబడింది. అక్కడే ఆగిపోయాను.

"మర్చిపోయారా?" అంది వెనక నుంచి దమయంతి.

"లేదు."

నేను పూజ ఎలాగో ముగించి లేచేసరికి గిన్నెలోని బియ్యం డబ్బాలోకి మారింది. గిన్నె వంటింటి గట్టు మీద ఉంది. బొట్లు అలాగే ఉన్నాయి. "పిల్ల సెమిస్టర్ కోసం" అంది దమయంతి. "క్లాసవగానే తిరిగి తెచ్చెయ్యండి."

అలా, సొంతదారుకు ఆవిడ గిన్నెను మేము ఒక్క పూటకు ఎరువిచ్చాం.

డేకేర్‌లో నా చొక్కాకు విజిటర్ స్టిక్కరు అంటించి, తలుపు పక్కన పిల్లల కుర్చీలో కూర్చోబెట్టారు. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. నారింజ చొక్కాల్లో పన్నెండు మంది పిల్లలు చాప మీద ఉన్నారు. సూపర్‌వైజర్ చేతిలో ప్లాస్టిక్ కాగితంలో పెట్టిన కార్డు ఉంది. ముందు అది చదివింది. ఈ నేల ఏయే జనాలదో, వాళ్ళ పేర్లు. గ్రాండ్ నదికి అటూ ఇటూ ఆరేసి మైళ్ళ నేల సిక్స్ నేషన్స్ వాళ్ళకు ఇస్తామని ఒకప్పటి ప్రభుత్వం మాట ఇచ్చిందనీ, మనం ఆ నేల మీదే ఉన్నామనీ. ఎక్కడా ఆగకుండా, ఊపిరి తీసుకోవాల్సిన చోట్ల మాత్రం తీసుకుంటూ, నేను పొద్దున పూజలో చదివినంత వేగంగా చదివింది.

ఇది సంకల్పం. నది పేరుంది, నేల పేరుంది, కొలతలతో సహా ఉంది. ఒకటే తేడా. మా సంకల్పంలో చిరునామా అయ్యాక, ఇందుకోసం ఈ పని చేయబోతున్నానని ఉంటుంది. కార్డులో అది లేదు. చిరునామా చెప్పి కార్డు సొరుగులో పెట్టేసింది. నా ఇంటి నుంచి నది రెండు మైళ్ళు కూడా ఉండదని అప్పుడు లెక్కకు వచ్చింది.

వెర్నా గారు చేతులు ఒళ్ళో పెట్టుకుని వింది. సొంత ఇంటి చిరునామా ఎవరో తనకే చదివి వినిపించినట్టు, చివర్న "థాంక్యూ" అంది.

తరువాతదంతా సాత్విక చేతుల్లో నడిచింది. నీలం గిన్నెలో నానిన పొరలు పిల్లలకు తలా ఒక కట్ట ఇచ్చి, మడిచి, తల దగ్గర కట్టి, నడుం దగ్గర కట్టి చూపించింది. ముందురోజు తడబడిన వాక్యం ఎప్పుడు దాటిపోయిందో నేను గమనించలేదు. ఒక పిల్లవాడు బొమ్మకు ముఖం గీస్తానని స్కెచ్ పెన్ను తీశాడు. వెర్నా గారు కథ చెప్పింది. మొదట బొమ్మకు చాలా అందమైన ముఖం ఉండేదట. పిల్లల్ని ఆడించమని పంపితే, అది నీళ్ళలో తన ముఖమే చూసుకుంటూ కూర్చుందట. అందుకని ముఖం తీసేశారట.

"ముఖం లేకపోతే ఎలా ఏడుస్తుంది?" అన్నాడు వాడు.

వెర్నా గారు ఆలోచించింది. "అది నన్నెవరూ అడగలేదు" అంది.

ఇంకో పాప గిన్నె మీది బొట్లు ముట్టుకుని, ఇది ఎవరిదని అడిగింది. నేను కుర్చీలో సర్దుకున్నాను.

"మా అమ్మది" అంది వెర్నా గారు. "మా అమ్మను మీకంటే కొంచెం పెద్దగా ఉన్నప్పుడు ఇంటి నుంచి దూరాన ఒక బడికి తీసుకెళ్ళారు. జుట్టు కత్తిరించారు. ఇంటి భాష మాట్లాడనివ్వలేదు. అక్కడ దేనికీ ఇది నాది అనడానికి లేదు. చాలా ఏళ్ళకు ఇంటికొచ్చాక మా అమ్మ మొట్టమొదట కొనుక్కున్నది ఈ గిన్నె. మా అమ్మమ్మ ఇందులోనే మళ్ళీ మొక్కజొన్న వండటం నేర్పింది."

"తరువాత?"

"తరువాత నాకిచ్చింది. నేను రోజూ వండుకునేదాన్ని." నా వైపు చూడలేదు.

క్లాసయ్యాక సూపర్‌వైజర్ ఫారం నింపింది. సాత్విక దాన్ని నాకు ఫోనులో చూపించింది. అన్ని గళ్ళలోనూ సంతృప్తికరం. కింద ఒక వాక్యం, స్థానిక వనరును చక్కగా వినియోగించుకుంది అని. "వనరు అంటే ఎవరంకుల్, మక్కనా, వెర్నా ఆంటీనా?" అంది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో, మీ భాషలో ఈ నదిని ఏమంటారని వెర్నా గారిని అడిగాను. పూజలో చెప్పడానికన్నాను.

"మీ దేవుడికి ఇంగ్లిషు రాదా?"

"సంస్కృతంలో చెబుతాం. నాకూ అది పూర్తిగా అర్థం కాదు."

ఆవిడ చెప్పింది. విల్లో చెట్ల నది అని అర్థమట. మూడుసార్లు అనిపించుకున్నా నాకు నాలుక తిరగలేదు. ఆవిడకు జగిత్యాల రెండుసార్లకే వచ్చింది.

ఆవిడ ఇంటి ముందు మేనల్లుడు ట్రక్కుతో ఎదురుచూస్తున్నాడు. శనివారం తమవాళ్ళ దగ్గర కార్యక్రమానికి తీసుకెళ్ళడానికి వచ్చాడు. హడావుడిగా దిగి వెళ్ళిపోయింది. నేను కారు లోపల పెట్టాక చూస్తే, వెనక సీట్లో తడి పొరలతో నీలం గిన్నె ఉంది.

దమయంతి ఎదురొచ్చి రెండు చేతులా అందుకుంది. "వచ్చేసిందా" అంది గిన్నెతో. సాత్విక పాసయ్యింది. గిన్నె ఇంటికొచ్చింది. ఎవరికీ ఏమీ పోలేదు. అలా ఉండనిస్తే ఉండేది కూడా. వెర్నా గారు ఇంకో పదిహేడేళ్ళు అడగదు.

గిన్నె గురించి పిల్లలకు ఆవిడ ఏం చెప్పిందో దమయంతికి చెప్పాను. ఒక్క మాటా కలపకుండా చెప్పాను. విని, గిన్నెను అలమరలో పెట్టబోయినది గట్టు మీదే దించింది. శనివారమంతా అది అక్కడే ఉంది. మేము దాని పక్కనుంచి ఒదిగి నడిచాం.

ఆదివారం ఉదయం నేను సంకల్పంలో, రాసిపెట్టుకున్న కాగితం చూసుకుంటూ కొత్త నది పేరు చదివాను. తప్పుగానే పలికి ఉంటాను. చివర శోభనగృహే అన్నాను.

"అద్దెకుంటున్నామా ఏమిటి?" అంది దమయంతి.

"ఏమో మరి."

తను వంటింట్లోకి వెళ్ళింది. కొంచెంసేపటికి పాలు పొంగి పొయ్యి మీద పడిన వాసన వచ్చింది. వెళ్ళి చూస్తే నీలం గిన్నెలో పాలు పొంగుతున్నాయి. దమయంతి మంట తగ్గించకుండా చేతులు జోడించి నిలబడి ఉంది. తరువాత అందులోనే బియ్యం వేసి, బెల్లం వేసి పరమాన్నం వండింది. "వట్టి గిన్నె ఎలా ఇస్తాం?" అంది.

మధ్యాహ్నం ఎదురింటి ముందు ట్రక్కు ఆగి వెళ్ళిపోయాక రోడ్డు దాటాం. ఆ వాకిట్లో దమయంతి కాలు పెట్టడం అదే మొదటిసారి. తాబేలుకు దండం పెట్టబోయి, నా వంక చూసి మానేసింది. వెర్నా గారు తలుపు తీసింది.

"మీ గిన్నె" అంది దమయంతి, తనకొచ్చిన ఇంగ్లిషులో. "లేట్ అయింది."

"కొంచెం" అంది వెర్నా గారు.

దమయంతి చీర కొంగుతో గిన్నె మీది కుంకుమ తుడవబోయింది. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి గిన్నె అందుకుని, మమ్మల్ని వంటింట్లోకి రమ్మంది. పరమాన్నం మూడు కప్పుల్లోకి తీసింది. మిగిలింది ఒక గాజు పాత్రలోకి మార్చింది. గిన్నె కడుగుతూ అడుగున వేలు పెట్టి చూపించింది. "ఈ పక్క మాడు మా అమ్మది. ఇదెవరిది?"

"మాది" అన్నాను. "పాలు."

"పోదు" అంది. గుడ్డతో తుడిచి, పొయ్యి మీద వెనక వైపు బర్నరు మీద పెట్టింది. మిగతా బర్నర్లన్నిటి మీదా గిన్నెలున్నాయి, ఆ ఒక్కటే అప్పటిదాకా ఖాళీగా ఉంది.